ఇవాంజెలిన్ దాచిన పొగ

ఇవాంజెలిన్ సిగరెట్ తాగుతుందని ఎవరైనా చెప్పి ఉంటే చాపెల్ రోడ్డు సందులోని వాళ్ళ చిన్న చర్చిలో ఒక్కరూ నమ్మి ఉండేవారు కారు. చెప్పినవాళ్ళనే తప్పు పట్టేవారు. ఆదివారం ఆరాధనలో ఆమె క్వయర్ ముందు వరుసలో, తెల్ల చీర కట్టుకుని, పాటల పుస్తకం తెరవకుండానే పాడేది. ఎత్తైన గొంతు కాదు ఆమెది, కింది శ్రుతిలో నిండుగా పలికేది. అందులోని కాస్త బొంగురుతనం దేవుడిచ్చిన వరమని అత్త జిప్పోరా అందరితో అనేది. అది దేవుడిచ్చింది కాదని, అబిడ్స్‌లోని తన ఆఫీసు వెనక మెట్ల మీద తాను సంపాదించుకున్నదని ఇవాంజెలిన్ ఒక్కదానికే తెలుసు.

ఇరవై రెండేళ్ళ వయసులో ఆమె బేగంపేటలో ఒక కాల్ సెంటర్‌లో చేరింది. రాత్రంతా ఫోన్లో పరాయి దేశం వాళ్ళ తిట్లు తిని, తెల్లవారుజామున క్యాబ్ కోసం నిలబడితే టీములో అందరి చేతుల్లోనూ సిగరెట్టే. మొదటిది దగ్గుతూ తాగింది. నెల తిరిగేసరికి అదే లేకపోతే తలనొప్పి. పెళ్ళి కుదిరాక మానేద్దామనుకుంది. పెళ్ళయ్యాక మానేద్దామనుకుంది. ఇప్పుడు నలభై దాటాయి. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిముల విభాగంలో ఉద్యోగం. రోజుకు నాలుగైదు సిగరెట్లు, అన్నీ ఆఫీసు వేళల్లోనే. ఆ తర్వాత నోట్లో లవంగం, చేతులకు సబ్బు, మెడ దగ్గర కాస్త సెంటు. భర్త సుందర్‌రాజ్‌కు ట్రూప్ బజార్‌లో యాంప్లిఫయర్లు, మైకులు బాగుచేసే దుకాణం ఉంది. పొద్దస్తమానం సోల్డరింగ్ పొగలో కూర్చునే ఆ మనిషి ముక్కుకు ఏ వాసనా పట్టేది కాదు. ఆఫీసులో మగవాళ్ళు తాగుతారు, బట్టలకు అంటుకుంటుంది అని ఆమె ఒకసారి అంటే, ఆయన ఔనని తలూపి ఊరుకున్నాడు. ఆయన అనుమానించే మనిషి కాదు. అదే ఆమెకు అన్నిటికన్నా భారంగా ఉండేది.

ఒంటి బరువు సంగతి మాత్రం దాస్తే దాగేది కాదు. నూట ఇరవై కిలోలు దాటింది. మోకాళ్ళు, షుగరు, బీపీ, నిద్రలో ఊపిరాడక ఉలిక్కిపడి లేవడం. నాంపల్లి మెట్రో స్టేషన్‌లో లిఫ్టు పని చేయని రోజున మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. ఎవరో కాలేజీ పిల్లలు నీళ్ళు తాగించి, అత్తమ్మకు ఫోన్ చేశారు. ఆ సాయంత్రమే జిప్పోరా నిర్ణయించింది, ఇక ఆలస్యం చేయకూడదని.

నాంపల్లిలోనే ఒక ఆస్పత్రిలో బరువు తగ్గించే ఆపరేషన్లు చేస్తారని తెలిసి ముగ్గురూ వెళ్ళారు. సర్జన్ పేరు నర్మద. మాట సూటిగా ఉండే మనిషి. కడుపును చిన్న సంచిలా చేసి, పేగును దానికి కలిపి కుడతామని కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. బైపాస్ అనగానే గుండెకేమైందని జిప్పోరా కంగారు పడితే, పేరు ఒక్కటే అమ్మా, చోటు వేరు అని సర్దిచెప్పింది. ఆ తర్వాత అలవాటుగా అడిగే ప్రశ్నలు అడుగుతూ, సిగరెట్, మందు ఏమైనా ఉన్నాయా అంది.

ఇవాంజెలిన్ నోరు తెరిచేలోపే జిప్పోరా నవ్వింది.

"మా ఇంట్ల గసొంటియి ఉండయి డాక్టరమ్మా. క్వయర్ల పాడుతది నా కోడలు."

డాక్టర్ ఇవాంజెలిన్ వంక చూసింది. ఇవాంజెలిన్ లేదన్నట్టు తలూపింది. పక్కన సుందర్‌రాజ్ కూడా తలూపాడు.

తాగేవాళ్ళకైతే చాలా చెప్పాల్సి ఉంటుంది, మీకా అవసరం లేదు, అయినా ఆపరేషన్‌కు ముందు అందరికీ చేసినట్టే మీకూ నికోటిన్ పరీక్ష చేస్తాం, ఏమీ అనుకోవద్దు అని చెప్పి డాక్టర్ తిండి విషయంలోకి వెళ్ళిపోయింది. అలా ఆ 'చాలా' ఏమిటో ఇవాంజెలిన్ వినకుండానే పోయింది. తర్వాత ఒంటరిగా వచ్చి నిజం చెప్పుకోవచ్చు, ఫోనైనా చేయవచ్చు. పరీక్షకు ఇంకా రెండు నెలలుందిగా, ఈలోపు మానేస్తే చెప్పాల్సిన పనే ఉండదు కదా అనుకుంది.

మానేసింది కూడా. అది చిన్న సంగతి కాదు. మెట్ల మీద ఆమెకు తోడుండే దివ్యశ్రీ, పక్క సీటు అమ్మాయి, నికోటిన్ గమ్ సంగతి చెప్పింది. అబిడ్స్ సర్కిల్ దగ్గర మందుల షాపులో అడిగితే అట్ట పెట్టెలో ఇచ్చారు. పుదీనా రుచి. నమిలి, చెంపలో అదిమి పెట్టుకుంటే లోపలి పీకుడు కాస్త నెమ్మదిస్తుంది. మొదటి వారం ఆమెకు కంప్యూటర్ తెర మీద అక్షరాలు ఈదుతున్నట్టు కనిపించాయి. ఎవరు పిలిచినా మీద పడి కరవాలనిపించింది. సాయంత్రాలు ఏడుపొచ్చేది. అయినా మెట్ల వైపు వెళ్ళలేదు. రెండో వారం, మూడో వారం గడిచాయి. గమ్ము మాత్రం పెరుగుతూ పోయింది. అన్నం తిన్నాక ఒకటి, బస్సులో ఒకటి, ప్రార్థనలో చెంప కింద ఒకటి. అదేదో నోటి వాసనకు నములుతోందని జిప్పోరా అనుకుంది. గమ్ము మందే కదా, మందుల షాపులోనే కదా అమ్ముతున్నారు అని ఇవాంజెలిన్ అనుకుంది. ఇరవై ఏళ్ళ తన రోగాన్ని ఎవరికీ తెలియకుండా తానే నయం చేసుకున్నానని లోలోపల గర్వంగా కూడా ఉండేది. చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు శుక్రవారాలు ఆమె కోసం ఉపవాస ప్రార్థన పెట్టుకుంటే, ఆ ప్రార్థన ఫలించిందనే అనుకుంది.

ఆపరేషన్‌కు నాలుగు రోజుల ముందు పరీక్షలకు రక్తం, మూత్రం ఇచ్చి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా సుందర్‌రాజ్ వచ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆ ఆఫీసు మెట్లెక్కింది లేదు. హెల్మెట్ తీయడం కూడా మరిచి సీటు ముందు నిలబడ్డాడు. ఆస్పత్రి నుంచి తనకు ఫోన్ వచ్చిందట. అడ్రసు కాగితంలో ఆయన నంబరే ఇచ్చారు. ఆపరేషన్ ఆపేశారట, నికోటిన్ ఉందన్నారట.

"ఎవనిదో శీస నీ పేరు మీద పెట్టిన్రు," అన్నాడు. "నడువు, పోయి అడుగుదాం."

 ఇవాంజెలిన్‌కు కలిగింది భయం కాదు, ఆశ్చర్యం. తాను తాగి రెండు నెలలైంది. ఒక్క దమ్ము లాగలేదు. మరి ఎలా ఉంటుంది? నిజంగానే మార్చి ఉంటారు. ఆయన బండిని ఆఫీసు దగ్గరే వదిలి ఎక్కిన ఆటోలో నాంపల్లి దాకా ఆమె ఆ ఆలోచననే పట్టుకుని కూర్చుంది. జీవితంలో మొదటిసారి ఆ విషయంలో తాను నిర్దోషి. ఆ మాట పైకి అనగలిగితే బాగుండునని కూడా అనిపించింది.

ఆస్పత్రి కౌంటర్ దగ్గర అలేఖ్య అనే అమ్మాయి ఉంది, ఫోన్ చేసింది ఆమే. మేడం లోపల కేసు చూస్తున్నారు, వచ్చాక మాట్లాడతారు అని మర్యాదగానే చెప్పింది. సుందర్‌రాజ్ వినలేదు. దుకాణానికి వచ్చినవాళ్ళు ఎంత అరిచినా గొంతు పెంచని మనిషి ఆ రోజు కౌంటర్ మీద అరచేత్తో కొట్టాడు. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. సెక్యూరిటీ మనిషి నాలుగడుగులు ముందుకు వచ్చాడు.

"నా భార్య ఎసొంటిదో మీకు తెల్వదు," అన్నాడు సుందర్‌రాజ్. "బీడీ వాసనొస్తె ఆమెకు కడుపుల తిప్పుతది. గసొంటి మనిషిని పట్టుకొని తాగుతదంటరా? మీ మిషిన్ తప్పు, లేకుంటె మీరు తప్పు. రాసియ్యున్రి నాకు."

బీడీ వాసనకు కడుపులో తిప్పుతుందని ఎప్పుడో బస్సులో తానే చెప్పింది. ఆయన దాన్ని ఇన్నేళ్ళు దాచుకున్నాడు. ఇవాంజెలిన్ ఆయన మోచేయి పట్టుకుని వెనక్కి లాగబోయింది. ఆయన ఆ చేతిని తన చేత్తో కప్పి, నువ్వు ఫికర్ చేయకు అన్నాడు.

అప్పుడే డాక్టర్ నర్మద వచ్చింది. ఇద్దరినీ చూసి, ఆమెను ఒక్కదాన్నే లోపలికి రమ్మంది. సుందర్‌రాజ్ వెంట రాబోతే, రెండు నిమిషాలు సార్ అని తలుపు వేసింది.

ఇవాంజెలిన్ కూర్చోకుండానే మొదలుపెట్టింది. పరీక్ష మళ్ళీ చేయమంది. తప్పు జరిగిందంది.

"నేను తాగలేదు డాక్టర్. మానేసి రెండు నెలలైంది."

అన్నాక గానీ తానేమన్నదో ఆమెకు తెలియలేదు.  డాక్టర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కోపం చూపలేదు. కుర్చీ వైపు చెయ్యి చూపించి, కూర్చున్నాక అడిగింది.

"ఇప్పుడు మీ నోట్లో ఏముంది?"

చెంప కింద గమ్ము ఇంకా ఉంది. ఇవాంజెలిన్ బ్యాగు తెరిచి అట్ట పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. డాక్టర్ దాన్ని తిప్పి చూసి, రోజుకు ఎన్ని అని అడిగింది. ఆమె చెప్పింది. డాక్టర్ ఒక్క నిట్టూర్పు విడిచింది.

ఆ తర్వాత చెప్పింది, మొదటి రోజునే చెప్పాల్సిన ఆ 'చాలా' అంతా. సిగరెట్ మానడానికి గమ్ము, పట్టీ మంచి సాయమేనని, సిగరెట్‌తో పోలిస్తే ఎంతో నయమని, లక్షలమంది వాటితోనే బయటపడతారని. కానీ అందులో ఉన్నదీ నికోటినేనని. అది పొగలో నుంచి వచ్చినా, గమ్ములో నుంచి వచ్చినా, ఒంటికి అంటించుకునే పట్టీలో నుంచి వచ్చినా రక్తనాళాలను బిగిస్తుందని. కుట్టిన చోటికి రక్తం సరిగా అందకపోతే అతుకు మానదని, లోపల కారవచ్చని, పుండు పడవచ్చని, ఆ పుండు చిల్లు పడితే ప్రాణం మీదికి వస్తుందని. అందుకే ఈ ఆస్పత్రిలో ఆపరేషన్‌కు కనీసం ఆరు వారాల ముందే గమ్ముతో సహా అన్నీ ఆగిపోవాలని, ఆపరేషన్ తర్వాత ఇక జీవితంలో ముట్టుకోకూడదని.

"మీరు తాగుతానని చెప్పి ఉంటే గమ్ము ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో నేనే చెప్పేదాన్ని," అంది డాక్టర్. "ఈ పరీక్ష లేకపోయి ఉంటే సోమవారం మిమ్మల్ని కోసేదాన్ని."

 సోమవారం అన్న మాట దగ్గరే ఇవాంజెలిన్ ఆగిపోయింది. బ్యాగు సర్దుకుని, ప్రార్థన చేయించుకుని, ఆ బల్ల మీద తన కాళ్ళతో తానే వెళ్ళి పడుకునేది. కడుపు కుట్టిన చోట ఏం జరిగినా ఎవరికీ ఎందుకో తెలిసేది కాదు. గమ్ము పెట్టె మాత్రం దిండు కింద ఉండేది. ఆఫీసులో ఆమె చేసే పనే అది. అలవాటు దాచిపెట్టి పాలసీ తీసుకున్నవాళ్ళ క్లెయిములు తిరగ్గొడుతూ ఉత్తరాలు తయారు చేయడం. చనిపోయినవాళ్ళ భార్యలు వచ్చి బల్ల ముందు నిలబడితే, ఆయన ముందే చెప్పాల్సింది అమ్మా అని ఆమే అనేది.

తలుపు అవతల సుందర్‌రాజ్ గొంతు ఇంకా వినిపిస్తోంది. లోపలికి పిలిచి నేను చెప్పనా అని డాక్టర్ అడిగింది. వద్దు, నేనే చెప్తాను అని ఇవాంజెలిన్ లేచింది. నోట్లోది కాగితంలో ఉమ్మి పారేసింది.

బయటికి వచ్చి ఆయన భుజం తట్టింది. "వాళ్ళది తప్పు గాదు," అంది. "నాదే. నడువున్రి."

ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాని ముఖంతోనే ఆమె వెంట నడిచాడు. రోడ్డు దాటి పబ్లిక్ గార్డెన్స్‌లోకి వెళ్ళారు. గేటు లోపల మొదట దొరికిన బెంచీ మీద ఆమె కూలబడింది. మొత్తం చెప్పింది. బేగంపేట, క్యాబు, మెట్లు, లవంగాలు, గమ్ము. చెబుతున్నంతసేపూ ఆయన ఎదురుగా గడ్డి కోసే మిషన్‌ను చూస్తూ ఉన్నాడు. అది తిరిగి తిరిగి ఆగిపోయింది. ఆయన ముఖంలో కోపం లేదు. ఎవరో చెంప మీద కొట్టి పారిపోతే ఎవరని వెతుక్కునే మనిషిలా ఉన్నాడు.

ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మన బిడ్డ పోయినప్పుడు గూడ తాగుతుంటివా?"

పెళ్ళయిన రెండో ఏడు ఆమెకు ఒకసారి గర్భం నిలిచింది. నాలుగో నెలలో పోయింది. ఆ తర్వాత మళ్ళీ నిలవలేదు. ఆ విషయం ఇద్దరి మధ్య ఎన్నడూ మాటగా రాలేదు. ఆయన ఇప్పుడు అడుగుతాడని ఆమె అనుకోలేదు. కానీ ఆ ప్రశ్నను ఆమె తనను తాను అడగని రోజు లేదు.

"రోజుకు రెండు తాగుతుంటి," అంది. "దానివల్లనే పోయిందా, తెల్వది. ఏ డాక్టర్నీ అడగలే. అడగాలంటె చెప్పాలె గదా."

సుందర్‌రాజ్ లేచాడు. హెల్మెట్ బెంచీ మీదే ఉండిపోయింది. గేటు దాటి అసెంబ్లీ వైపు వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు. ఆమె ఆ హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, పొద్దు వాలేదాకా కూర్చుని, ఆటోలో ఇంటికి వెళ్ళింది.

ఇంట్లో జిప్పోరా ఆస్పత్రి బ్యాగు సర్దుతోంది. చెప్పక తప్పలేదు. జిప్పోరా మెదక్‌లో మిషన్ బళ్ళో చదివి, ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సర్దుతున్న తువ్వాలు చేతిలోనే ఉండగా మంచం మీద కూర్చుంది. కొడుకు ఎక్కడని అడగలేదు. కోడలి నోటి వంక మాత్రం చూసింది.

"గా నోటితోనేనా పాటలు పాడింది?" అంది.

తిట్టి ఉంటే ఇవాంజెలిన్ తట్టుకునేది. ఆదివారం ఆమె చర్చికి వెళ్ళింది గానీ క్వయర్‌లో నిలబడలేదు. వెనక బల్ల మీద కూర్చుంది. ఒంట్లో బాగాలేదేమోనని అందరూ అనుకున్నారు.

సుందర్‌రాజ్ పార్కు నుంచి వెళ్ళిపోయిన ఆ రాత్రే ఇంటికి వచ్చాడు గానీ వచ్చినట్టు లేడు. తిన్నావా అంటే తిన్నా అనేవాడు. దుకాణానికి పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. ఆపరేషన్ ఎందుకు ఆగిందని చుట్టాలు ఫోన్ చేస్తే బీపీ అని జిప్పోరా చెప్పేది. ఆ అబద్ధం తన వల్ల అత్తమ్మ నోటికి వచ్చిందని ఇవాంజెలిన్ కుమిలిపోయేది. ఆ దినాల్లో ఒక సాయంత్రం ఆఫీసులో దివ్యశ్రీ చేతిలో నుంచి వెలిగించిన సిగరెట్ తీసుకుంది కూడా. పెదవుల దాకా వెళ్ళాక, తిరిగి ఇచ్చేసి సీటుకు వచ్చేసింది.

డాక్టర్ మళ్ళీ రమ్మన్న రోజున ఆమె ఒక్కతే బయలుదేరింది. ఆస్పత్రి గేటు దగ్గర సుందర్‌రాజ్ నిలబడి ఉన్నాడు. నేను రమ్మనలేదే అని ఆమె అనలేదు. ఇద్దరూ లోపలికి వెళ్ళి కూర్చున్నారు. డాక్టర్ మాట్లాడేలోపే ఆయన తన ప్రశ్న అడిగాడు. పద్నాలుగేళ్ళ కింద బిడ్డ పోయింది, అది సిగరెట్ వల్లనేనా?

 తాను కాన్పుల డాక్టర్‌ను కానని నర్మద ముందే చెప్పింది. సిగరెట్ వల్ల గర్భం పోయే ప్రమాదం పెరుగుతుందనేది నిజమని, అయితే ఏమీ తాగని వాళ్ళకు కూడా పోతుంటాయని, ఎక్కువసార్లు కారణం పిండంలోనే ఉంటుందని చెప్పింది. ఆ ఒక్క బిడ్డ ఎందుకు పోయిందో ఇవాళ ఎవరూ చెప్పలేరంది. ఔనని చెప్పినా, కాదని చెప్పినా అది అబద్ధమే అవుతుందంది. సుందర్‌రాజ్ విన్నాడు.  తర్వాత, ఇప్పుడు ఈమె ఏం చేయాలో చెప్పండి అన్నాడు.

గమ్మును కొంచెం కొంచెంగా తగ్గించి పూర్తిగా ఆపాలి. ఆపాక ఆరు వారాలు శుభ్రంగా ఉండాలి. మళ్ళీ పరీక్ష. మధ్యలో కౌన్సెలింగ్. తేదీ అప్పుడే.

సిగరెట్ మానడం కన్నా గమ్ము మానడం ఆమెకు కష్టమైంది. సిగరెట్ మానినప్పుడు గమ్ము ఆసరా ఉంది. ఇప్పుడు ఏ ఆసరా లేదు. పొద్దున్న లేస్తూనే దవడలు వాటంతటవే కదిలేవి. సోంపు నమిలింది, దాల్చినచెక్క నమిలింది. చిరాకులో ఒక క్లెయిము మనిషి మీద అరిచి, వెనకాలే వెళ్ళి క్షమాపణ అడిగింది. సాయంత్రం టీ వేళ ఆమెకు అన్నిటికన్నా చెడ్డది. అది తెలుసుకుని సుందర్‌రాజ్ ఆ వేళకు దుకాణం షట్టర్ సగం దించి ఆఫీసు కింద నిలబడేవాడు. ఇద్దరూ జీపీవో ముందు నుంచి నాంపల్లి స్టేషన్ దాకా నడిచి వచ్చేవారు. ఆమె మోకాళ్ళు నొప్పి పెడితే ఆగేవారు. ఆయన ఏమీ మాట్లాడేవాడు కాదు. మొదట్లో ఆ మౌనం ఆమెకు శిక్షలా ఉండేది. కొన్నాళ్ళకు, మాట లేకపోయినా ఆయన వస్తున్నాడన్నదే చాలనిపించింది.

ఆ మధ్యలోనే ఒక శుక్రవారం జిప్పోరా చేసిన పని ఇవాంజెలిన్‌ను మళ్ళీ నిలువునా కదిలించింది. స్త్రీల సమాజం కూడికలో ప్రార్థన మనవులు చెప్పే వేళ జిప్పోరా లేచి నిలబడింది. బీపీ అనే చెబుతుందని ఇవాంజెలిన్ తల దించుకుంది.

"నేను మీతోని అబద్ధం చెప్పిన," అంది జిప్పోరా. "బీపీ గాదు. నా కోడలు సిగరెట్ తాగుతుండె. ఇప్పుడు మానుతున్నది. మస్తు తిప్పలు పడుతున్నది. గా తిప్పల కోసం ప్రార్థన చేయున్రి."

 ఇవాంజెలిన్ ముఖం మండిపోయింది. అడగకుండా, చెప్పకుండా తన బతుకు తీసి అందరి ముందు పరిచేసిందని కోపం వచ్చింది. లేచి వెళ్ళిపోదామనుకుంది. అంతలో ప్రార్థన మొదలైంది. ప్రార్థన అయ్యాక ఒకరిద్దరు ఆమె వైపు చూడకుండానే వెళ్ళిపోయారు. ఒకామె ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది. అందరికన్నా పెద్దావిడ, పాస్టరుగారి మేనత్త బెత్సీ మాత్రం కర్ర ఊతంతో దగ్గరికి వచ్చి పక్కన కూర్చుంది. చుట్టూ చూసి, చెవిలో అడిగింది.

"నశ్యం గూడ అండ్లకే వస్తదా బిడ్డా?"

ఔనంది ఇవాంజెలిన్.  చిన్నప్పటి నుంచీ పడిశం మందనే పీలుస్తున్నానని బెత్సీ మెల్లగా చెప్పింది. ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు ఇవాంజెలిన్ అత్తతో మాట్లాడలేదు. మూడు రోజుల తర్వాత మాట్లాడింది. నన్నడిగి చెప్పాల్సింది అంది. అడిగితే నువ్వు వద్దందువు అంది జిప్పోరా. అది నిజమే.

రెండోసారి పరీక్షలో నికోటిన్ కనిపించలేదు. ఆ మాట ఈసారి ఇవాంజెలిన్ నంబరుకే ఫోన్ చేసి చెప్పారు. కౌంటర్ దగ్గర అలేఖ్యకు సుందర్‌రాజ్ చేతులు జోడించి, ఆ రోజు నాది తప్పు అమ్మా అన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. అదే సాయంత్రం నుంచి లేచి నడవాలన్నారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా. మర్నాడు ఉదయం సుందర్‌రాజ్ సెలైన్ స్టాండు తోసుకుంటూ ఆమె పక్కన వరండాలో నడిచాడు. కుట్లు లాగుతున్నాయి. అడుగు తీసి అడుగు వేయడమే గొప్పగా ఉంది. కిటికీ దగ్గర ఆగారు. కింద రైలు దిగినవాళ్ళు సంచులతో ఆటోల వెంట పడుతున్నారు.

"ఒక మాట చెప్తా," అన్నాడు ఆయన, కిటికీ బయటికే చూస్తూ. "బిడ్డ పోయిన్నాడు నిన్ను కాచిగూడ నుంచి బండి మీద తీసుకొస్తి. నువ్వు ఆటోల పోదామంటివి. రోడ్డంత తవ్విపెట్టి ఉండె. గుంతలల్ల ఎగిరెగిరి పడ్డది బండి. నావల్లనే పోయిందనుకుంట ఉన్న, ఇన్నేండ్లు."

ఇవాంజెలిన్ స్టాండు పట్టుకుని నిలబడిపోయింది. ఆ ప్రయాణం ఆమెకు గుర్తు కూడా లేదు. ఏ రోడ్డు, ఏ బండి, ఆయన ఏ చొక్కా వేసుకున్నాడు, ఏమీ గుర్తు లేదు. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, పద్నాలుగేళ్ళు ఇద్దరూ ఒకే బిడ్డను విడివిడిగా చంపుకుంటూ వచ్చారు. పార్కులో ఆ రోజు ఆయన లేచి వెళ్ళిపోయింది తన మీద కోపంతో అనుకుంది. కోపమూ ఉందట, కానీ నావల్ల కాకపోవచ్చన్న ఊరట వచ్చిందట ముందు. నీ మీదికి నెట్టి ఊరట పడ్డానని సిగ్గేసి నీ ముందు కూర్చోలేకపోయాను అన్నాడు.

బండి వల్ల కాదు అని ఆమె అంది. నీకెట్ల తెలుసు అని ఆయన అడిగాడు. తెలియదంది. ఇద్దరూ అక్కడే నిలబడి ఏడ్చారు. నర్సు వచ్చి, నొప్పిగా ఉందా అమ్మా అని అడిగి, ఇంకో రౌండు తిరగమని చెప్పి వెళ్ళింది.

అది జరిగి ఏడాది దాటింది. ఇవాంజెలిన్ బరువు చాలా తగ్గింది, షుగరు మాత్రలు ఆపేశారు, రాత్రిళ్ళు ఊపిరాడక లేవడం పోయింది. సిగరెట్ గానీ గమ్ము గానీ మళ్ళీ ముట్టలేదు. పక్కనుంచి ఎవరైనా పొగ వదిలితే ఇప్పటికీ మెడ అటు తిరుగుతుంది, ఆ మాట దాచకుండా భర్తకు చెబుతుంది. ఆయన ఆమెను క్షమించాడా అంటే, ఆ మాట ఇద్దరూ అనుకోలేదు. ఎప్పుడైనా అన్నం తింటూ తింటూ ఆగి, నాకు చెప్పంది ఇంకేమన్న ఉన్నదా అని అడుగుతాడు. లేదంటుంది ఆమె. ఆయన ఆ ముఖంలోకి కాసేపు చూసి, మళ్ళీ అన్నం కలుపుకుంటాడు.